పట్టూ విడుపూ

చేవెళ్ల నుంచి మొయినాబాద్ వచ్చే దారికి కాస్త లోపలగా, పూల మడుల నడుమ ఒక ఇల్లుంది. ఇంటాయన చామంతి, బంతి పండిస్తాడు. ఉగాదికి కొన్న పంచాంగాన్ని ఏడాది పొడుగునా తిరగేసే మనిషి. ఆయన మేనకోడలు సర్కారు బడిలో ఫిజికల్ సైన్స్ టీచర్. 2025 సెప్టెంబర్ 7న, భాద్రపద పున్నమి ఆదివారం రాత్రి, సంపూర్ణ చంద్రగ్రహణం పట్టినప్పుడు ఆమె ఆ ఇంట్లోనే ఉంది. గ్రహణం విడిచింది గానీ వాదన విడవలేదు. తర్వాతి వారం నేను వెళ్లేసరికి ఇద్దరూ అరుగు మీద కూర్చుని అదే మాట మీద ఉన్నారు. విన్నది రాస్తున్నాను. నా మాటలేమైనా ఉంటే బ్రాకెట్లలో పెట్టాను. నా మొగ్గు టీచర్ వైపేనని ముందే చెప్పేస్తాను. అయినా మామ దగ్గర నేననుకున్నదానికంటే సరుకు ఎక్కువుంది.

మామ: నువ్వు ఎంత చెప్పినా బిడ్డా, గ్రహణం చూసేది కాదు, పాటించేది. పట్టు స్నానం, విడుపు స్నానం, నడుమ జపం. చంద్రగ్రహణానికి మూడు జాముల ముందు నుంచి తినరు. ఆదివారం ఒంటిగంట కొట్టంగనే మీ అత్త పొయ్యి ఆర్పింది. పాలల్ల, నీళ్ల బిందెల, మామిడికాయ తొక్కు జాడీల దర్భపోచలు ఏసింది. మా నాయన ఇంట్ల ఇట్లనే, నా ఇంట్ల ఇట్లనే.

టీచర్: ఆ దర్భలు తెచ్చి ఇచ్చింది నేనే మామా. వాటితోని నాకు పేచీ లేదు, మరునాడు ఆ పాలతోనే చాయ్ తాగిన. నా బాధ వేరే. తొమ్మిది గంటల ముందు నుంచి ఒకదాని కోసం ఇల్లంత తయారైతది. తీరా అది వచ్చే నిమిషానికి తలుపులు, కిటికీలు మూసుకుంటరు. పెండ్లికి అన్నీ అమర్చి, జీలకర్ర బెల్లం పెట్టే టైముకు లేచి లోపలికి పోయినట్టున్నది.

మామ: మీ చూసుడు ఎట్లున్నదో నేను చూసిన గదా. పక్కింటి పోరగాండ్లు డాబా ఎక్కిండ్రు. ఫోన్లు ఎత్తిండ్రు, ఫొటో కొట్టిండ్రు, స్టేటస్ పెట్టి దిగిపోయిండ్రు. ఎంతసేపు? చాయ్ చల్లారేటంత సేపు. నేను తొమ్మిది యాభై ఏడుకు కూసున్న, ఒకటీ ఇరవై ఆరుకు లేచిన. మూడున్నర గంటలు నా మనసుల గ్రహణం తప్ప వేరే ముచ్చట లేదు. ఇప్పుడు చెప్పు, ఎవరు ఎక్కువ చూసినట్టు?

(ఆచారం వైపు నుంచి ఇంత గట్టి మాట నేనెప్పుడూ వినలేదు. రాహువు, దోషం, రాశిఫలం అంటూ మొదలుపెడతాడనుకున్నాను.)

టీచర్: పోరల ముచ్చట ఒప్పుకుంట. అందుకే వాళ్లను మళ్లా పైకి తోలుకపోయిన. కూసోబెట్టి ఒక్కటే పని చెప్పిన, నీడ అంచును చూడుమన్న. పది దాటినంక చంద్రునికి ఎడమ పక్క మసకబారుడు షురువైంది. ఆ మసక అంచు గీత గీసినట్టు సూటిగ లేదు, వంపు తిరిగి ఉన్నది. ఆ వంపు ఎవరిది మామా? భూమిది. గ్రహణం ఎప్పుడు పట్టినా ఆ అంచు వంపుగనే ఉంటదని చూసి, భూమి గుండ్రంగ ఉన్నదని అరిస్టాటిల్ చెప్పిండు. మన డాబా, నీ చామంతి మడి, గండిపేట చెరువు, చిలుకూరు గుడి, అన్నీ కలిసి పోయి చంద్రుని మీద పడ్డయి. మన నీడ మనకు అంత దూరాన కనబడేది అప్పుడే.

మామ: అది పదకొండు దాకనే గదా. ఆ తర్వాత నీడనే లేదాయె, మొత్తం ఎర్రబారింది. రగతం తీరుగ అయిందని టీవీల గోల.

టీచర్: పదకొండూ ఒకటికి పూర్తిగ మునిగింది. 82 నిమిషాలు మునిగే ఉన్నది. రక్తం అని టీవీవాళ్లు అన్నరు గానీ నాకైతే బట్టీల కాలిన ఇటుక లెక్క కనబడ్డది, ఒక పక్క కొంచెం లేత, ఒక పక్క ముదురు. పున్నమి వెన్నెలల ఆగమైపోయే సన్న చుక్కలన్నీ బయటికొచ్చినయి. కొంచెం ఎడంగ తూర్పు దిక్కున శని కూడ ఉన్నది.

మామ: శని కూడనా? కుంభరాశిల గ్రహణం, పక్కన శని. మరి నేను జపం చెయ్యకుంటె ఎట్ల?

టీచర్: నీ జపం నువ్వు చెయ్. ఆ ఎరుపు ఎక్కడిదో మాత్రం విను. భూమి నీడల పూర్తిగ ఉన్నప్పుడు చంద్రుడు నల్లగ మాయం కావాలె. కాలేదు. ఎందుకంటే భూమి చుట్టూ గాలి ఉన్నది. సూర్యుని వెలుగు ఆ గాలిలకెళ్లి పోతుంటే నీలం చెదిరిపోతది, ఎరుపు వంగి నీడలకు జారుతది. పొద్దుగూకెటప్పుడు ఆకాశం ఎర్రగ అయ్యేది కూడ దానితోనే. ఆ టైముల చంద్రుని మీద నిలబడి ఎవరన్న చూస్తే, నల్లటి భూమి చుట్టూ సన్నటి ఎర్ర అంచు కనబడ్తది.

మామ: అంటే లోకంల ఉన్న పొద్దుపొడుపులు, పొద్దుగూకులు అన్నీ ఒక్కసారే దాని మీద పడ్డయా?

టీచర్: అంతే మామా. నేను క్లాసుల ఇంత మంచిగ చెప్పలేదు.

మామ: నువ్వు చెప్పింది మంచిగనే ఉన్నది. కానీ ఒకటి అడుగుత. తొమ్మిదీ యాభై ఏడు అని నీకు ఎవరు చెప్పిండ్రు? నీ ఫోను చెప్పింది. నాకు పంచాంగం చెప్పింది, అదీ ఉగాది నాడే. ఫోన్లు, రాకెట్లు లేని కాలంల కూడ మనవాళ్లు నిమిషాలతోని చెప్పిండ్రు. దాన్ని మూఢనమ్మకం అంటే నేను ఒప్పుకోను.

టీచర్: పంచాంగాన్ని నేనెప్పుడు అన్న? ఆ లెక్క అబద్ధమైతే నా ఫోను లెక్క కూడ అబద్ధమే. 499లనే ఆర్యభటుడు రాసిండు, సూర్యుణ్ణి చంద్రుడు కప్పుతడు, చంద్రుణ్ణి భూమి నీడ కప్పుతదని. పంచాంగం గణించేటాయన రాహువును పాము అనుకొని లెక్క చెయ్యడు. చంద్రుడు తిరిగే దారి భూమి దారికి అయిదు డిగ్రీలు వాలి ఉంటది. ఆ రెండు దారులు రెండు చోట్ల దాటుకుంటయి. ఆ చౌరస్తాలే రాహువు, కేతువు. పున్నమి నాడు చంద్రుడు ఆ చౌరస్తా దగ్గర ఉంటేనే గ్రహణం, లేకుంటే నీడకు పైనుంచో కిందినుంచో తప్పించుకొని పోతడు. అందుకే నెలనెలా గ్రహణం రాదు.

మామ: పాము అని నేను అన్ననా? నాకు తెల్వదా? కథ పిల్లలకు, లెక్క పెద్దలకు.

టీచర్: మరి పెద్దలు కూడ కథ దగ్గరనే ఆగిపోతున్నరు గదా! లెక్క కట్టినోడు నిజంగ అయితదా కాదా అని బయటికొచ్చి చూడాలె. అట్ల చూసినాయన ఒకాయన ఉన్నడు, నీకు నచ్చుతడు. చింతామణి రఘునాథాచారి. మద్రాసు వేధశాలల పనిచేసిండు, పంచాంగాల మనిషి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన దేశం మీదికెళ్లి పోయింది. వేధశాల పెద్ద పోగ్సన్ మచిలీపట్నం పోయిండు. రఘునాథాచారి ఎక్కడికొచ్చిండో తెలుసా? వనపర్తికి.

మామ: మన వనపర్తికా? నిజాం రాజ్యంలకు?

టీచర్: మన వనపర్తికే. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనేటాయన గుంటూరుల దిగిండు. అయిదు నిమిషాలకు పైన చీకటి. సూర్యుని అంచు మీద మంటల తీరుగ లేచే వాటి వెలుగును పట్టకంతోని విడదీసి చూసిండు. ఆ గ్రహణంలనే ఒక పసుపు గీత కనబడ్డది, అప్పటికి తెలిసిన ఏ మూలకంతోని కలవలేదు. తర్వాత లాకియర్ అనే సైంటిస్టు దానికి సూర్యుని పేరు మీద హీలియం అని పేరు పెట్టిండు. భూమి మీద అది 1895 దాక దొరకలే. జాతరల బుగ్గలల్ల నింపే గ్యాసు ముందు సూర్యుని మీద దొరికింది మామా, మన తెలుగు నేల మీద నిలబడి చూసినందుకు.

మామ: ఆచారి సంగతి చెప్పు. పంచాంగం విడిచిపెట్టిండా?

టీచర్: ఎందుకు విడుస్తడు? కంటికి కనబడేదానితోని లెక్క సరిచూసి దృగ్గణిత పంచాంగం వేసిండు. 1874ల శుక్రుడు సూర్యుని ముందుకెళ్లి పోతడని తెలిసి, జనానికి అర్థం కావాలని పుస్తకం రాసిండు. అది కూడ సంభాషణ తీరుగ రాసిండు, ఒక సిద్ధాంతితోని మాట్లాడినట్టు.

(ఈ రచనకు అంతకంటే మంచి పెద్దదిక్కు నాకు దొరకదు. నూటయాభై ఏళ్ల కింద సిద్ధాంతినీ ఖగోళజ్ఞుణ్ణీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించినాయన రెండు వైపులా తానే.)

మామ: మరి నేను చిన్నప్పుడు ఇవన్నీ ఎవరు చెప్పిండ్రు? 1980 ఫిబ్రవరి 16, శనివారం. నాకు పద్నాలుగో పదిహేనో ఏండ్లు. ముందు దినం నుంచే ఊర్ల డప్పు కొట్టినంత పని. ఎవ్వరు బయటికి రావద్దు, కండ్లు పోతయి. మా అమ్మ గొంగడి తెచ్చి కిటికీకి కట్టింది. తలుపు సందులల్ల గుడ్డపేలికలు కుక్కింది. పట్నంల జనం బయట తిరగకుండ దూరదర్శన్‌ల సినిమా ఏసిండ్రట, మాకు టీవీ ఎక్కడిది. మధ్యాహ్నం మూడున్నర దాటినంక గొంగడి పోగుల నడుమ వెలుగు సన్నగైతూ వచ్చింది. తెల్లటి ఎండ కాదు, అదొక తీరు, ఇత్తడి గిన్నె మసిబట్టినట్టు. పిట్టలు చెట్లకు మళ్లిన చప్పుడు. మా ఎడ్లు ఒక్కసారే లేచి నిలబడ్డయి. ఎవరూ మాట్లాడలే. మా తాత పెదవులు కదులుతున్నయి అంతే. బిడ్డా, నేను చూడలేదు గానీ ఆ భయం ఇంకా నా ఒంట్ల ఉన్నది. అసొంటి దినం నా బతుకుల మళ్లా రాలే. భయపడ్డోనికి అద్భుతం తెలియదని ఎట్లంటవ్?

టీచర్: అననే అనను. నువ్వు చెప్తుంటే నాకే ఒళ్లు జలదరించింది. కానీ నీకు దక్కకుండ పోయిందేందో చెప్పనియ్యి. ఆనాడు పూర్తి చీకటి పట్టీ కర్ణాటక నుంచి రాయచూరు మీదికెళ్లి మనకు దక్షిణంగ పోయింది. చేవెళ్ల దాని ఉత్తరపు అంచుకు దగ్గర. ఇబ్రహీంపట్నం దాటి జపాల్ రంగాపూర్‌ల ఉస్మానియా వాళ్ల 48 అంగుళాల దూరదర్శిని ఉండె. అక్కడ పూర్తి గ్రహణం. అమెరికా నుంచి కూడ సైంటిస్టులు వచ్చిండ్రు, సముద్రాలు దాటి. ఎందుకొచ్చిండ్రు? రెండు నిమిషాల పైచిలుకు కోసం. ఆ రెండు నిమిషాలల్లనే సూర్యుని చుట్టూ కిరీటం కంటికి కనబడ్తది. సూర్యుని పైభాగం అయిదున్నర వేల డిగ్రీలైతే ఆ కిరీటం పది లక్షల పైమాట. పొయ్యి కంటె పొగ వేడి ఎట్లయిందని ఇప్పటికీ తల బద్దలు కొట్టుకుంటున్నరు. నువ్వు బస్సెక్కితే అందేటంత దూరంల ఉన్నది మామా అది!

మామ: బస్సు! ఆనాడు బస్సు నడిపే డ్రైవరు ఎక్కడుండె? వాడు కూడ గొంగడి కట్టుకొని కూసున్నడు.

(నిజమే. ఆ మధ్యాహ్నం రోడ్లు బోసిపోయాయని ఆ తరం వాళ్లందరూ చెబుతారు. ఒక నగరం మొత్తం ఒక ఆకాశ ఘటనను గౌరవించి ఖాళీ అయిందనుకోవాలో, భయపడి దాక్కుందనుకోవాలో! నాకు రెండోదే సరి అనిపిస్తుంది.)

మామ: కండ్లు పోతయన్నది మాత్రం అబద్ధమా?

టీచర్: కాదు. అది నూటికి నూరు పాళ్లు నిజం. సూర్యగ్రహణాన్ని ఉట్టి కండ్లతోని చూస్తే రెటీనా కాలిపోతది. అక్కడ నొప్పి తెలియదు కాబట్టి కాలినట్టు కూడ వెంటనే ఎరుక కాదు. మసి పట్టించిన గాజుముక్క, ఎక్స్‌రే ఫిల్ము, నల్ల కండ్లద్దాలు ఏవీ పనికిరావు. పేడనీళ్ల పళ్లెంల నీడ చూసుడు కూడ ప్రమాదమే. గ్రహణం కోసమే చేసిన ఫిల్టర్లు ఉంటయి, లేకుంటే వెల్డింగ్ వాళ్లు వాడే పద్నాలుగో నంబర్ గాజు. చంద్రగ్రహణానికి ఇవేమీ అక్కరలేదు. వెన్నెలను చూసినట్టే.

మామ: రెండింటికీ ఒక్కటే కట్టడి పెట్టుకుంటే మరిచిపోయే పని ఉండదని పెద్దలు పెట్టిండ్రేమో.

టీచర్: ఉండొచ్చు. కానీ ఆకాశం దిక్కు తల ఎత్తకుండ కూడ సూర్యగ్రహణం చూడొచ్చు. 2019 డిసెంబర్ 26 యాది ఉన్నదా? కేరళ, తమిళనాడుల ఉంగరం లెక్క కనబడ్డది, మనకు ముప్పాతిక వరకు కప్పింది. పొద్దుగాల ఎనిమిది దాటినంక పట్టి పదకొండు దాటినంక విడిచింది. పిల్లలను బీజాపూర్ రోడ్డు మీది మర్రిచెట్ల కిందికి తోలుకపోయిన.

మామ: రోడ్డు వెడల్పుకు కొట్టాల్నా ఉంచాల్నా అని గ్రీన్ ట్రిబ్యునల్ దాక పోయిన చెట్లేనా?

టీచర్: అవే. మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ దాక రెండు దిక్కుల తొమ్మిది వందల పైచిలుకు. మామూలు రోజు ఆ చెట్ల కింద ఎండ చుక్కలు చూసినవా ఎన్నడన్న? ఆకుల నడుమ సందులు వంకరటింకర, కొన్ని మూడు మూలలు, కొన్ని చీలికలు. కింద పడ్డ వెలుగు మాత్రం అంతట గుండ్రం. ఎందుకు?

మామ: (ఆలోచించి) సందు ఎట్లుంటే వెలుగు అట్ల ఉండాలె గదా.

టీచర్: సందు చిన్నగుండి నేల దూరమున్నప్పుడు పడేది సందు ఆకారం కాదు, సూర్యుని బొమ్మ. మర్రి కింద ప్రతి ఎండ చుక్కా ఒక సూర్యుడే. ఆనాడు తొమ్మిదిన్నరకు ఆ చుక్కలన్నీ ఒక్కసారే కొడవళ్లయినయి. తారు రోడ్డు మీద, మట్టి మీద, పిల్లల తెల్ల చొక్కాల మీద వేలకొద్ది కొడవళ్లు, అన్నీ ఒకే దిక్కు తిరిగి. గాలి వీస్తే అన్నీ కలిసి ఊగినయి. ఒక పిలగాడు ఇంటికి ఉరికి బూందీ దూసే జల్లి గరిటె తెచ్చిండు. దాని కింద వరుసల వరుసల చిన్న సూర్యులు, అన్నీ కొరికినట్టు. చెట్టు ఎన్ని ఏండ్ల నుంచి ఆ బొమ్మలు వేస్తున్నదో, మనం వాటి మీదికెళ్లి నడుస్తనే ఉన్నం.

మామ: ఇది మాత్రం నాకు చూపియ్యాలె.

టీచర్: ఇంకో ముచ్చట విను. సూర్యుడు చంద్రుని కంటె అడ్డంల దాదాపు నాలుగు వందల రెట్లు పెద్ద, దూరంల కూడ దాదాపు నాలుగు వందల రెట్లు. అందుకే ఒకటి ఇంకోదానికి మూత పెట్టినట్టు సరిపోతది. చంద్రుడేమో ఏటా 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నడు. కొన్ని పదుల కోట్ల ఏండ్లు పోతే పూర్తి సూర్యగ్రహణమన్నదే ఉండదు. అది ఉన్న కాలంల మనం పుట్టినం.

మామ: సరే, రోకలి సంగతి? మీ అత్త ఆ రాత్రి ఇత్తడి పళ్లెంల నీళ్లు పోసి రోకలి నిలబెట్టింది. చెయ్యి తీస్తే కూడ నిలబడ్డది. వాడకట్టంత వచ్చి చూసిండ్రు. రాష్ట్రమంత నిలబడ్డయని పేపర్ల కూడ వచ్చింది.

టీచర్: మరునాడు పొద్దుగాల అదే రోకలిని, అదే పళ్లెంల నేను నిలబెట్టిన. సాయంత్రం మళ్లా నిలబెట్టిన. అడుగున ఇనుప పొన్ను ఉన్నది, అడుగు బల్లపరుపు. బరువు ఆ అడుగు మీదికి సూటిగ వస్తే ఏ రోజైనా నిలబడ్తది. చెయ్యి వణకకుండ ఓపిక ఉండాలె అంతే.

మామ: నిలబడ్తదని నాకు ఎరుకనే.

టీచర్: ఎరుకేనా!

మామ: ఎరుకనే. అయితే ఒకటి చెప్పు. గ్రహణం లేకుంటే ఆ రోకలిని నిలబెట్టాలన్న బుద్ధి మీ అత్తకు ఎన్నడన్న పుట్టేదా? మూలకు పడున్న కట్టెను ఊపిరి బిగబట్టి చూసింది ఆ ఒక్క రాత్రే.

టీచర్: (నవ్వి) మంచిదే. నిలబెట్టి చూసుడు సగం సైన్సు. మరునాడు కూడ నిలబడ్తదా అని చూసుడు మిగతా సగం.

మామ: ఆ సగానికి నువ్వున్నవ్ గదా.

టీచర్: నేను నవ్వలేని సంగతి ఒకటి ఉన్నది. నీ కోడలు. ఆరో నెల. ఉక్కపోతల తలుపులు మూసిన గదిల మూడున్నర గంటలు కదలకుండ పండుకోబెట్టిండ్రు. నీళ్లు తాగనియ్యలే. గ్రహణమొర్రి వస్తదని. పిండానికి పెదవి తయారయ్యేది రెండో నెల లోపల్నే మామా, అంగిలి కూడ తొమ్మిదో వారానికి కలిసిపోతది. ఆరో నెలల పైన చంద్రుడు ఏం జేసినా ఆ పెదవికి ఏం గాదు. వంశంల ఉండుడు, ఫోలిక్ ఆసిడ్ తక్కువగుండుడు, కొన్ని మందులు, పొగ, వీటికి భయపడాలె. నీ మూడున్నర గంటల జపం నీ ఇష్టం. ఆమెకు ఎవరు అడిగిండ్రు ఇష్టం?

మామ: పిల్లలకు, ముసలోళ్లకు, రోగులకు, కడుపుతోని ఉన్నోళ్లకు తిండి నియమం లేదని శాస్త్రంలనే ఉన్నది. నీళ్లు ఇయ్యొద్దని నేను అనలే.

టీచర్: ఇయ్యుమని కూడ అనలే.

(మామ దీనికి జవాబు చెప్పలేదు. పంచాంగంలో మినహాయింపు ఉండటం వేరు, దాన్ని గది దాకా తీసుకెళ్లే మనిషి ఉండటం వేరు. అప్పుడే ఆ కోడలు చాయ్ తెచ్చింది. గ్లాసులు పెడుతూ అన్న మాట ఇది.)

కోడలు: నేను చూసిన వదినా. బాత్రూము బయట ఉన్నది గదా, పన్నెండింటికి పోయిన. నెత్తి మీదనే ఉండె, ఎర్రగ. మంచిగనే ఉండె.

మామ: ఎంతసేపు చూసినవ్?

కోడలు: నీళ్లు కూడ తాగి వచ్చిన మామయ్యా.

(ఆమె లోపలికి వెళ్లిపోయింది. మామ గ్లాసు చేతిలో పట్టుకుని కాసేపు చామంతి మడి వైపు చూశాడు. కోపం వచ్చిందనుకున్నాను. రాలేదు.)

మామ: చూస్తే చూసింది. మళ్లా సూర్యగ్రహణం ఎప్పుడు మనకు?

టీచర్: 2027 ఆగస్టు 2. ఈజిప్టుల లక్సర్ దగ్గర ఆరు నిమిషాల పైన చీకటి. మనకు సాయంత్రం పూట కొంచెం అంచు కొరుకుతది, అంతే.

మామ: ఏ వారం?

టీచర్: సోమవారం.

మామ: (వేళ్ల మీద లెక్కపెట్టి) ఆషాఢ అమావాస్య. సోమవారం పడితే సోమవతి. చుక్కల అమావాస్య కూడ అదే. పట్టపగలు చుక్కలు కనబడేది మాత్రం ఈజిప్టోళ్లకా!

టీచర్: మర్రి కిందికి వస్తవా లేదా అది చెప్పు.

మామ: వస్త. నీ గ్రహణం అద్దాలు కూడ పెట్టుకుంట. కానీ విడుపు స్నానం నువ్వు కూడ చెయ్యాలె.

టీచర్: రోడ్డు మీద దుమ్ముల నిలబడి వచ్చినంక స్నానం ఎవరు వద్దంటరు?

మామ: ఉట్టి స్నానం కాదు, తలకు పోసుకోవాలె.

టీచర్: జలుబు ఉంటే?

మామ: ఉంటే మినహాయింపు ఉన్నది.